నర్సమ్మ గారి గీతలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను రాజమండ్రిలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. కోటిపల్లి బస్టాండుకి దగ్గర్లో ఒక సందులో, మేడ మీద రెండు గదులు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, కరెంటు పోతే పావుగంట కూడా ఆగని యూపీఎస్. శుభలేఖలు, కాలేజీ ప్రశ్నపత్రాలు, చవితి పందిళ్ళ కరపత్రాలు, కడియం నర్సరీల మొక్కల జాబితాలు అన్నీ అక్కడే తయారయ్యేవి. మనుషులం ఇద్దరమే, ఓనరు గారూ నేనూ.

ఆ పని నేను మధ్యలో మూడు నెలలు మానేశాను. ఎనిమిదో నెలలో నా కడుపులోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి వచ్చాక చాలా రోజులు ధవళేశ్వరంలో మా ఇంట్లో వెనక గదిలో ఉన్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు రావడం మానేశారు. మా ఆయన కడియంలో ఒక నర్సరీలో గుమస్తా. లారీలకి మొక్కలు ఎక్కించడం, చిట్టీలు రాయడం ఆయన పని. ఒకరోజు అన్నం తింటూ, "ఇంట్లో కూర్చుని గోడలు చూడ్డం ఎందుకు, పనిలోకి వెళ్ళు" అన్నారు. సరే అన్నాను. వెళ్ళాలనీ లేదు, వద్దనీ లేదు. మర్నాడు సిటీ బస్సెక్కి వెళ్ళాను.

ఓనరు గారు ఏమీ అడగలేదు. "వచ్చావా అమ్మా, ఆ శుభలేఖ కాస్త చూడు" అన్నారు. కూర్చుని చూశాను. నా చేతులకి పని గుర్తుంది. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే బాగానే ఉన్నాననేదాన్ని. అది అబద్ధమని కూడా అనిపించేది కాదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు నేల మీద పెట్టినా నేల తెలీదే, రోజంతా అలా గడిచేది.

నేను తిరిగి చేరిన రెండో వారంలో వచ్చారు నర్సమ్మ గారు. అరవై దాటిన మనిషి, తెల్ల నేత చీర, చేతిలో గోనె సంచి. గవర్నమెంటు నర్సుగా ముప్ఫై ఏళ్ళు లంక గ్రామాల్లో చేశారట. పడవ మీద గోదావరి పాయలు దాటి వెళ్ళి పురుళ్ళు పోసిన మనిషి. రిటైరయ్యాక గర్భిణీ స్త్రీల కోసం ఒక చిన్న పుస్తకం రాశారు. అచ్చు వేయించి లంకల్లో ఇంటింటికీ ఊరికే పంచాలని ఆవిడ కోరిక.

ఆ పుస్తకాన్ని ఆవిడే టైపు కూడా చేసుకొచ్చారు. వాళ్ళ వీధిలో ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లో ఇంటర్ పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నారట. అక్కడ తెలుగు అక్షరాలు లేవు. అందుకని మామూలు నోట్‌ప్యాడ్‌లో, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టారు. రుమాల్లో చుట్టి తెచ్చిన ఫ్లాపీని నా బల్ల మీద పెట్టి ఆవిడ ఏదో చెప్పారు. నేను తలూపాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా తలూపేదాన్ని. ఆవిడ చెప్పింది నా చెవిన పడింది కానీ లోపలికి పోలేదు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని మన అక్షరాల్లోకి మార్చే ఒక చిన్న ప్రోగ్రాం మా దగ్గర ఉండేది. నర్సమ్మ గారి ఫైలుని అందులో వేసి, వచ్చినదాన్ని పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాను. తెలుగు బాగానే వచ్చింది. కానీ అక్కడక్కడా కొన్ని వాక్యాలకి ముందొకటి, వెనకొకటి, ఏ అక్షరానికీ చెందని వత్తు ముక్క వేలాడుతోంది. ఫాంట్లు మారినప్పుడు ఇలాంటి చెత్త రావడం మామూలే. ఆ ముక్కని వెతికి, ఉన్న చోటల్లా తీసెయ్యమని కంప్యూటర్‌కి చెప్పాను. నూట నలభై ఆరు చోట్ల తీసేశానని చూపించింది. సరే నొక్కాను. పేజీలన్నీ శుభ్రంగా తయారయ్యాయి.

మూడో రోజు ప్రూఫు చూసుకోవడానికి నర్సమ్మ గారు వచ్చారు. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, పెన్సిలు పట్టుకుని నాలుగు పేజీలు తిప్పారు. ఐదో పేజీ దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వచ్చారు.

"నా గీతలేవమ్మా?" అన్నారు.

"ఏ గీతలండి?"

"చెప్పానుగా అమ్మా. కింద గీత రావాల్సిన వాక్యానికి అటొకటి ఇటొకటి గుర్తు పెట్టానని. ఇదిగో, ఇలా." కాగితం అంచున పెన్సిలుతో ఒక చిన్న అడ్డగీత గీసి చూపించారు. నోట్‌ప్యాడ్‌లో మాటల కింద గీత పెట్టడం కుదరదని, ఇన్‌స్టిట్యూట్లో పంతులమ్మ ఆ ఉపాయం నేర్పిందట.

నాకప్పుడు అర్థమైంది. ఆవిడ పెట్టిన ఆ అడ్డగీత మా తెలుగు ఫాంటులో ఒక వత్తు ముక్క. నేను చెత్త అనుకుని ఊడ్చేసింది ఆవిడ గుర్తుల్ని.

"తీసేశానండి," అన్నాను. "చెత్త అనుకున్నాను."

ఓనరు గారు లోపలి గదిలోంచి గబగబా వచ్చి, "కొత్తగా చేరిందండి, మళ్ళీ చేసిచ్చేస్తాం" అన్నారు. నేను కొత్తగా చేరలేదు. నర్సమ్మ గారు ఆయన వంక చూడకుండా నాతోనే చెప్పారు. "లంకల్లో ఆడవాళ్ళకి కూర్చుని పుస్తకం చదివే తీరిక ఎక్కడిదమ్మా. కూలికి పోయొచ్చి, పొయ్యి ముట్టించి... గీత ఉన్నవి మాత్రం చదివినా చాలని పెట్టాను. ప్రాణం మీదకొచ్చేవి అవే. మిగతాదంతా ఎటుపోయినా ఫర్వాలేదు."

తప్పు చేసినందుకు సిగ్గు పడాలని నాకు తెలుసు. పడలేదు. మళ్ళీ చేస్తానండి అన్నాను.

ఫ్లాపీలో అసలు ఫైలు అలాగే ఉంది. ఈసారి ఫైలుని ప్రోగ్రాంలో వెయ్యకముందే అడ్డగీతల స్థానంలో ఇంకేదైనా గుర్తు పెడదామనుకున్నాను. నిలువు గీత పెడితే అది ఒక గుణింతపు కొమ్ముగా మారింది. నక్షత్రం గుర్తు పెడితే ఇంకో వత్తు వచ్చింది. ఏది పెట్టినా మా ఫాంటు దాన్ని ఏదో ఒక అక్షరపు ముక్కగా చేసి ఇచ్చేది. చివరికి అంకెలు మాత్రం అంకెలుగానే ఉంటున్నాయని కనిపెట్టాను. ప్రతి అడ్డగీత చోటా మూడు తొమ్మిదులు పెట్టాను. అవి చెక్కుచెదరకుండా ఇవతలికి వచ్చాయి. తర్వాత ఒక తొమ్మిదుల గుంపు నుంచి ఇంకో గుంపు దాకా మౌసుతో పట్టుకోవడం, కింద గీత పెట్టడం, తొమ్మిదుల్ని చెరిపెయ్యడం. డెబ్భై మూడు వాక్యాలు. ఆ పని నాకు బాగుంది అనను, కానీ సుఖంగానే ఉంది. ఏ వాక్యంలో ఏముందో చూడనక్కర్లేదు. తొమ్మిదులు కనిపిస్తే చాలు.

నర్సమ్మ గారు మళ్ళీ వచ్చారు. ప్రూఫు చేతిలోకి తీసుకోగానే ముఖం విప్పారింది, మళ్ళీ ముడుచుకుంది.

"గీతలొచ్చాయి గానీ, ఇది చదువమ్మా."

ఆవిడ వేలు పెట్టిన చోట 'రక్తస్రావం' అని ఉంది. ఇంగ్లీషు అక్షరాలకి కింద ఏమీ ఉండదు కాబట్టి గీత హాయిగా వెళ్ళిపోతుంది. మన అక్షరాలకి కింద వత్తులుంటాయి. సాఫ్ట్‌వేర్ గీత సరిగ్గా ఆ వత్తుల మెడ మీదుగా పోయింది. త వత్తు సగం తెగింది. 'తగ్గితే' అన్న చోట గ వత్తు నల్లటి మరకలా ఉంది. 'వెళ్ళండి' లో కింది ళ అసలు కనిపించడం లేదు.

"అసలే కూడబలుక్కుని చదివేవాళ్ళు," అన్నారు నర్సమ్మ గారు. "ముఖ్యమైన మాటే అర్థం కాకపోతే ఎలా?"

గీతని కొంచెం కిందికి దించడానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో నేను ఎంత వెతికినా దారి కనిపించలేదు. ఓనరు గారు కూడా వెతికారు. "చేత్తో గీసెయ్యమ్మా, ఏముంది" అన్నారు. అంటే గీతలు గీసే పనిముట్టుతో, ప్రతి వరస కిందా, వత్తులకి తగలకుండా విడిగా ఒక్కో గీత. పెట్టిన గీతలన్నీ తీసేసి, రెండు రోజులు కూర్చుని చేత్తో గీశాను. కళ్ళు మండాయి. మధ్యలో కరెంటు పోయి ఒక పూట పని పోయింది. మళ్ళీ గీశాను. విసుగు కూడా రాలేదు. ఓనరు గారు నా వంక వింతగా చూశారు. ఇదివరకటి నేనైతే ఆ మౌసుని గోడకేసి కొట్టేదాన్నని ఆయనకి తెలుసు.

మూడోసారి నర్సమ్మ గారికి గీతలు నచ్చాయి. కానీ, "అక్షరం కొంచెం పెద్దది చెయ్యి తల్లీ, ముసలి అత్తగార్లు కూడా చదవాలి కదా" అన్నారు. అన్నం తిని వచ్చి చేద్దామని నేను కిందికి వెళ్ళాను. ఈలోగా ఓనరు గారే కూర్చుని, మొత్తం పుస్తకాన్ని ఒక్క దెబ్బలో ఒక సైజు పెంచి ప్రింటు తీసి ఇచ్చారు. నేను మెట్లెక్కి వచ్చేసరికి ఇద్దరూ ఒకే కాగితం మీదకి వంగి ఉన్నారు.

అక్షరాలు పెరిగాక మాటలన్నీ కిందికి జరిగిపోయాయి. నేను గీసిన గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ప్రమాదం అని రాసిన వాక్యం కింద ఏమీ లేదు. ఆ పక్క పేజీలో 'కొబ్బరి నీళ్ళు తాగవచ్చు' అన్నదానికి కింద గీత. 'వదులుగా ఉండే జాకెట్లు వేసుకోవాలి' కింద రెండు గీతలు.

"కొబ్బరి నీళ్ళు తాగకపోతే ప్రాణాపాయం అంటారు మా లంకల్లో ఇంక," అని నర్సమ్మ గారు పకపకా నవ్వారు. ఓనరు గారూ నవ్వారు. నేను కూడా నవ్వాలని తెలిసి మూతి సాగదీశాను. నర్సమ్మ గారు నవ్వు ఆపి నా ముఖం చూశారు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని అదే ఆలోచించాను. గీత అక్షరంతో పాటు కదలాలి, అక్షరానికి తగలకూడదు. మర్నాడు పొద్దున్న మెనూలన్నీ ఒక్కొక్కటి తెరిచి చూస్తుంటే, పేరాలకి సంబంధించిన దాంట్లో ఒకటి దొరికింది. పేరాకి పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టవచ్చు. ఎంత దూరంలో ఉండాలో మనం చెప్పవచ్చు. పేరా ఎటు జరిగితే గీతలూ అటు జరుగుతాయి. ఒక్కదానికి పెట్టి చూశాను. వత్తులన్నీ బతికి ఉన్నాయి. అక్షరం పెంచాను, తగ్గించాను. గీతలు వదలకుండా వెంట వచ్చాయి.

ఒక్కటే చిక్కు. గీత పేరాకి పడుతుంది కానీ మధ్యలో ఉన్న వాక్యానికి పడదు. నర్సమ్మ గారి ముఖ్యమైన వాక్యాలన్నీ పేరాల మధ్యలో ఇరుక్కుని ఉన్నాయి. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. "అయితే వాటిని బయటికి లాగుదాం. నేనొస్తాను" అన్నారు.

మూడు మధ్యాహ్నాలు ఆవిడ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను ఒక్కో వాక్యాన్ని బయటికి తీసి పైకి చదివేదాన్ని. ముందు వెనక వాక్యాలు లేకుండా అది ఒంటరిగా అర్థమవుతుందో లేదో ఆవిడ విని, మాట మార్చాల్సి వస్తే చెప్పేవారు. నేను కొట్టేదాన్ని. కాళ్ళ వాపు, తలనొప్పి, కళ్ళు మసకలు, ఉమ్మనీరు. మధ్యలో లంకల కబుర్లు చెప్పేవారు. వరదలో పడవ మీదే కాన్పు అయిన ఒక జాలరి ఆవిడ గురించి, ఆ పిల్లాడు పెద్దయి ఈవిడని అదే రేవు దాటించడం గురించి. నేను ఊఁ కొట్టేదాన్ని.

రెండో మధ్యాహ్నం ఒక వాక్యం తీశాను. ఇదివరకు దాని అటూ ఇటూ ఉన్న గుర్తుల్ని నేనే చెరిపేశాను. దాని కింద నేనే గీత పెట్టాను, తీశాను, చేత్తో గీశాను. ఒక్కసారి కూడా చదవలేదు. ఇప్పుడు పైకి చదివాను.

"బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి."

"బాగానే ఉందిగా? ఒంటరిగా నిలబడుతుంది," అన్నారు నర్సమ్మ గారు.

"నిలబడుతుందండి," అన్నాను. తర్వాత, "మేం ఆగామండి" అన్నాను.

ఆ మాట నేను అనాలనుకోలేదు. కీబోర్డు మీద చేతులు పెట్టుకునే ఉన్నాను.

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "ఎన్నో నెల?" అన్నారు.

"ఎనిమిది."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైందండి. మధ్యాహ్నం నుంచి తేడాగా ఉంది. సాయంత్రం అత్తయ్య గారితో చెప్పాను. ఎనిమిదో నెల వచ్చాక పిల్లలు కదలడం తగ్గిస్తారు, చోటు చాలదు, పడుకుని ఉంటుంది, పొద్దున్న చూద్దాం అన్నారు. పొద్దున్న వెళ్ళాం."

ప్రింటరు ఏదో పాత కాగితం తీస్తూ చప్పుడు చేస్తోంది. లోపలి గదిలో ఓనరు గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. నర్సమ్మ గారు నా వీపు నిమరలేదు, అయ్యో తల్లీ అనలేదు. నాకు అదే మేలనిపించింది.

"సాయంత్రమే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదమ్మా," అన్నారు. "బతికేదని చెప్పలేను. బతికేది కాదనీ చెప్పలేను. ఉన్న మాట అది."

"అవునండి."

"ఆ మాట మీ అత్తగారొక్కరే అనరు. ముప్ఫై ఏళ్ళు విన్నాను నేను, ప్రతి ఊళ్ళో. రాద్దామని గుర్తే రాలేదు చూడు. అందరికీ తెలుసనుకున్నాను." స్క్రీను వైపు చూపించి, "రాస్తావా?" అన్నారు.

ఆవిడ చెప్పారు, నేను కొట్టాను. 'ఎనిమిదో నెల వచ్చాక బిడ్డ తక్కువ కదులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బిడ్డ చివరిదాకా కదులుతూనే ఉండాలి.' పైన గీత, కింద గీత. డెబ్భై నాలుగోది. కొడుతున్నప్పుడు ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. అక్షరదోషాలు ఉన్నాయేమోనని ఒకసారి చూసుకుని, తర్వాతి వాక్యానికి వెళ్ళాను. అది రక్తహీనత గురించి.

పుస్తకం అచ్చయి వచ్చింది. లేత పసుపు అట్ట. నర్సమ్మ గారు కట్టలు ఆటోలో ఎక్కించుకుంటూ నా చేతిలో ఒక కాపీ పెట్టారు. నేను దాన్ని ఇంటికి తీసుకెళ్ళి హాల్లో రేడియో పక్కన పడేశాను. కావాలని అక్కడ పెట్టానా అంటే ఇప్పటికీ చెప్పలేను.

ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని తీశారు. నేను కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఆవిడ పెదవులు కదుపుతూ, వేలు పెట్టుకుని చదువుతారు. గీతల మధ్య ఉన్నవే చదువుతున్నారని వేలు ఆగే చోట్లని బట్టి తెలిసింది. సగం పుస్తకం దాటాక వేలు ఒక చోట ఆగిపోయింది. చాలాసేపు కదల్లేదు.

"ఇదంతా ఆ నర్సమ్మే రాసిందా, అమ్మాయ్?" అన్నారు.

"ఆవిడేనండి. అదొక్కటి నేను చెబితే రాశారు."

చిక్కుడు నారలు ఒక పక్కకి తీస్తున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు మా అమ్మ చెప్పింది," అన్నారు. "నిజమే అనుకున్నాను."

"తెలుసండి."

"నాతో ఒక్క మాటైనా అనలేదే నువ్వు?"

అనాలని ఉండి ఆపుకోలేదు నేను. అనడానికి నాలో ఏమీ లేదు, అంతే. ఆ మాట చెబితే ఆవిడకి అర్థం కాదనిపించింది. "ఏమనాలో తెలీలేదండి" అన్నాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు కూర నేనే పొయ్యి మీద పెట్టాను. నాకు కోపం రాలేదు, తేలిక కూడా పడలేదు. ఉప్పు వేశానో లేదో గుర్తులేక రుచి చూశాను. వేశాను.

రెండు రోజుల తర్వాత, నేను బస్సుకి బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. "ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయా మీ ఆఫీసులో?"

"అడుగుతానండి. ఎందుకు?"

"జంగారెడ్డిగూడెంలో మా చెల్లెలి మనవరాలికి ఏడో నెల. మా చెల్లెలు కూడా నాలాంటిదే. నేనే పట్టుకెళ్ళి, దగ్గర కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తాను."

నర్సమ్మ గారికి ఫోన్ చేస్తే, కావలసినన్ని తీసుకోమన్నారు. సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి రెండు తెచ్చాను. అత్తయ్య గారు వాటిని చీర మడతల మధ్య పెట్టుకుని, మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళారు. మా ఆయన బస్టాండులో దింపి అటు నుంచి అటే కడియం పోయారు. నేను ఇల్లు తాళం వేసి షాపుకి వెళ్ళాను. శుభలేఖల రోజులు. పెళ్ళికొడుకు ఇంటిపేరులో వత్తు తప్పు పడిందని ఎవరో అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నారు.